బీటిల్స్ గిటార్ల చాటున దాచుకున్న మాటలు

జాన్ లెనన్, పాల్ మెకార్ట్నీ, జార్జ్ హారిసన్, రింగో స్టార్‌ల బ్రిటిష్ రాక్ బృందం బీటిల్స్ మీద 2021 నవంబరులో డిస్నీ ప్లస్‌లో మూడు భాగాలుగా వచ్చిన ‘ది బీటిల్స్: గెట్ బ్యాక్’ డాక్యుమెంటరీ నిడివి దాదాపు ఎనిమిది గంటలు. 1969 జనవరిలో వారి పాటల సాధనను దర్శకుడు మైకేల్ లిండ్సే-హాగ్ చిత్రబృందం చిత్రీకరించిన సుమారు 60 గంటల ఫుటేజీ, 150 గంటల ఆడియో నుంచి దర్శకుడు పీటర్ జాక్సన్ దాన్ని కూర్చాడు. అదే ముడిసరుకుతో 1970లో ‘లెట్ ఇట్ బీ’ అనే గంటా ఇరవై నిమిషాల సినిమా వచ్చింది. బీటిల్స్ విడిపోయారన్న వార్త వెలువడిన కొద్ది వారాలకే విడుదలైనందువల్ల చాలామందికి అది తెగతెంపుల కథగానే గుర్తుండిపోయింది. జాక్సన్ చిత్రంలో అదే నెల నవ్వులతో, అల్లరితో, అలుపెరగని సాధనతో కనిపిస్తుంది.

ఈ తేడాకు ప్రధాన కారణం నిడివి అని నా అభిప్రాయం. పాట తయారవడంలో ఎక్కువ భాగం ఎదురుచూపు, చేసిందే మళ్లీ చేయడం. గంటన్నర సినిమాలో ముందుగా కత్తెర పడేది వాటికే. లండన్‌లోని ట్వికెన్‌హామ్ స్టూడియోలో ఒక రోజు జాన్ ఇంకా రాకముందే పాల్ తన బేస్ గిటార్‌ను మామూలు గిటార్‌లా మీటుతూ, అర్థం లేని పదాలతో ఏదో కూనిరాగం తీస్తుంటాడు. ఎదురుగా కూర్చున్న జార్జ్ ఆవులిస్తాడు. రెండు మూడు నిమిషాలు గడిచేసరికి ఆ కూనిరాగంలోంచి ‘గెట్ బ్యాక్’ పాట ఆనవాలు పడుతుంది, జార్జ్ కూడా గిటార్‌తో అందులో కలుస్తాడు. మరోచోట ‘సమ్‌థింగ్’ పాటలో ఒక మాట కుదరక జార్జ్ తంటాలు పడుతుంటే, సరైనది దొరికేదాకా ‘కాలీఫ్లవర్‌లా’ అనో మరొకటో పాడుకొమ్మని జాన్ చెబుతాడు. డమ్మీ లిరిక్స్‌తో పాట కట్టే మన సినిమా సంగీతకారులకు ఇది బాగా తెలిసిన పద్ధతే. సంగీతం నేర్చుకునే ప్రతి ఒక్కరూ ఈ ఘట్టాలు చూడాలి.

అయితే ఈ చిత్రం నన్ను కలవరపెట్టింది కూడా. జనవరి 10న జార్జ్ బృందాన్ని వదిలి వెళ్లిపోయాడు. 1970 సినిమాలో ఆ ప్రస్తావనే లేదు. ఆ తర్వాత క్యాంటీన్‌లో జాన్, పాల్ మాట్లాడుకున్న మాటలను చిత్రబృందం పూలకుండీలో దాచిన మైకుతో రికార్డు చేసింది. జార్జ్‌ను గాయపరిచింది తామేనని జాన్ ఒప్పుకోవడం అందులో వినిపిస్తుంది. అంతకన్నా ఆలోచించవలసిన సంగతి మరొకటి ఉంది. కెమెరాల మధ్య సొంత విషయాలు మాట్లాడుకోవలసి వచ్చినప్పుడు ఈ కళాకారులు ఆంప్లిఫయర్ శబ్దం పెంచి, గిటార్ మీటుతూ, తమ మాటలు మైకుకు అందకుండా చేసేవారు. అన్ని శబ్దాలూ ఒకే మోనో ట్రాక్‌లో, అంటే విడదీయలేని ఒకే రికార్డింగ్‌లో, కలిసిపోయి ఉండటంతో ఐదు దశాబ్దాలపాటు ఆ జాగ్రత్త ఫలించింది. జాక్సన్ బృందం మెషీన్ లెర్నింగ్‌తో, అంటే శబ్దాలను గుర్తించేలా శిక్షణ ఇచ్చిన సాఫ్ట్‌వేర్‌తో, గిటార్ శబ్దాన్ని తొలగించి, ఆ మాటలను బయటకు తీసింది.

పాల్, రింగో, జాన్ భార్య యోకో ఓనో, జార్జ్ భార్య ఒలీవియా హారిసన్ ఈ చిత్ర నిర్మాతలలో ఉన్నారు కనుక చట్టపరంగా అనుమతికి లోటు లేదు. కానీ జాన్ 1980లో, జార్జ్ 2001లో మరణించారు. తమ మాట వినిపించకూడదని గిటార్ మీటిన మనిషి కోరిక అతని మరణంతో రద్దు కాదు. పూలకుండీ మైకుకు దొరికిన సంభాషణ వేరు. అది లేకపోతే జార్జ్ నిష్క్రమణ, రాజీ అర్థం కావు, పైగా మైకు దాచిన సంగతి ప్రేక్షకుడికి అక్కడే తెలుస్తుంది. గిటార్ల చాటు మాటలకూ కనీసం ఆ పారదర్శకత ఉండాలి: ఏ మాటను సాఫ్ట్‌వేర్‌తో వెలికితీశారో ఆ సన్నివేశంలోనే తెరమీద రాయాలి. ఇదే తరహా సాంకేతికత 2023లో పాత క్యాసెట్‌లోని జాన్ గొంతును పియానో నుంచి వేరుచేసి ‘నౌ అండ్ దెన్’ అనే బీటిల్స్ పాటను పూర్తిచేయడానికి తోడ్పడింది. ఆ పాటలో జాన్ గొంతు ఎలా దొరికిందో శ్రోతలకు ముందే చెప్పారు. డాక్యుమెంటరీ ప్రేక్షకుడికీ అదే సమాచారం ఇవ్వడం కష్టమైన పనేమీ కాదు.