చూసినవారి పేరు ఎక్కడ?

గోదావరి డెల్టాలో కాటన్ దొర విగ్రహాలకు కొదవ లేదు. 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట పనిలో ఆయనకు కుడిభుజంగా నిలిచిన వీణెం వీరన్న పేరు ఎంతమంది పిల్లలకు తెలుసు? కీర్తి ఒక్కరి దగ్గరే పోగుపడే ఈ అన్యాయం ఖగోళశాస్త్రంలోనూ పాతదే. ఇంగ్లండ్ ఖగోళ శాస్త్రవేత్త ఫ్లామ్‌స్టీడ్ ఏళ్ల తరబడి కొలిచిన నక్షత్రాల పట్టికను 1712లో న్యూటన్, హేలీ ఆయన ఇష్టానికి విరుద్ధంగా అచ్చు వేయించారు. ఆ ప్రతులు చేతికి చిక్కాక ఫ్లామ్‌స్టీడ్ 300 తగలబెట్టాడు. 1967లో పల్సార్ (గిర్రున తిరుగుతూ క్రమం తప్పక రేడియో తరంగాలు పంపే నక్షత్రం) సంకేతాన్ని పసిగట్టిన పరిశోధక విద్యార్థిని జోసెలిన్ బెల్. 1974లో నోబెల్ అందుకున్నవారు ఆమె గురువు హ్యూయిష్, మరో శాస్త్రవేత్త రైల్. ఇది ఇప్పటికీ మింగుడుపడని విషయం.

పోటీ వద్దని మేము అనం. అందరికంటే ముందు చూడాలన్న పట్టుదలే పరిశోధకుణ్ణి రాత్రంతా దూరదర్శిని దగ్గర నిలబెడుతుంది. గెలుపును పంచుకోవడమూ సాధ్యమే. అందుకు సాక్ష్యం మన పొరుగునే ఉంది. 1868 ఆగస్టు 18 సంపూర్ణ సూర్యగ్రహణాన్ని చూడటానికి ఫ్రాన్స్ శాస్త్రవేత్త జాన్సెన్ గుంటూరులో మకాం వేశాడు. గ్రహణం లేని రోజుల్లోనూ సూర్యుడి అంచున ఎగసే జ్వాలలను వర్ణపటంలో, అంటే కాంతిని రంగులుగా విడదీసిన పట్టీలో, పట్టే పద్ధతి ఆయనకు అక్కడే తట్టింది. రెండు నెలలకు ఇంగ్లండ్‌లో లాకియర్ అనే శాస్త్రవేత్త సొంతంగా అదే సాధించాడు. ఎవరు ముందన్న తగువు ముదరకుండా ఫ్రాన్స్ ప్రభుత్వం ఇద్దరి ముఖాలూ చెక్కిన పతకం వేయించింది. అదే గ్రహణాన్ని మచిలీపట్నం నుంచి పరిశీలించి వర్ణపటంలో పసుపు గీతను (అది హీలియం వాయువుదని తర్వాత తేలింది) నమోదు చేసిన మద్రాసు అబ్జర్వేటరీ అధిపతి పాగ్సన్‌కు మాత్రం హీలియం కథలో తగిన చోటు దక్కలేదు. ఆయన సహాయకుడు చింతామణి రఘునాథాచారి ఆ రోజు వనపర్తిలో ఉన్నారు. అంతకు ముందటి ఏడాదే కాంతి మారే ఒక తారను కనిపెట్టిన మనిషి ఆయన. మన బడుల్లో ఆయన గురించి ఒక్క పాఠమైనా చెప్పాలి.

రాజమహేంద్రవరం, కాకినాడ, అమలాపురం, భీమవరంలలో సైన్స్ ప్రదర్శనలు జరిగినప్పుడల్లా బహుమతి ఫొటోలో యాజమాన్యమే ముందు వరుసలో నిలుస్తోంది. తీగలు అతికించి, అద్దాలు అమర్చిన పిల్లలు వెనక్కి పోతున్నారు. గైడ్ టీచర్ పేరు రాయడం న్యాయమే, అది పిల్లల పేర్ల తర్వాత ఉండాలి. కళాశాలల్లో పరిశోధన పత్రాలకూ ఇదే పద్ధతి కావాలి. ప్రతి నమూనా పక్కన ఎవరు ఏ పని చేశారో రాయించాకే న్యాయనిర్ణేతలను పిలవాలని గోదావరి జిల్లాల విద్యాశాఖాధికారులను కోరుతున్నాం.