వంశవృక్షం గారికి ఒక విన్నపం

మహారాజశ్రీ వంశవృక్షం గారికి, అనేక నమస్కారములతో వ్రాయునది.

తన పేరు చెప్పమంటే తండ్రినీ, తాతనూ, ముత్తాతనూ వరుసగా తగిలించి చెప్పుకోవడం బ్రిటన్‌లోని వేల్స్ దేశపు పాతకాలపు వెల్ష్ వారి ఆచారం కనుక, అక్కడ తమరికి ఉన్న పలుకుబడిని నేను కొత్తగా పొగడనక్కరలేదు. సూపర్ ఫర్రీ యానిమల్స్ అనే రాక్ బృందపు గాయకుడు గ్రిఫ్ రీస్ ఆ దేశపువాడే. తమరి మాట పట్టుకొని రెండుసార్లు సముద్రాలు దాటాడు.

మొదటిసారి తమరు మాట నిలబెట్టుకున్నారు. తమ భాషలో తాము బతికే చోటు కావాలని 1865లో నూట యాభైమందికి పైగా వెల్ష్ వారు మిమోసా అనే ఓడలో అర్జెంటీనాలోని పటగోనియాకు చేరుకున్నారు. తరువాత అదే దారిన వెళ్ళినవారిలో రీస్ బంధువులూ ఉన్నారు. ఆ శాఖకు చెందిన రెనే గ్రిఫిత్స్ అనే గాయకుడు 1970లలో గిటారుతో వెల్ష్ టెలివిజన్‌లో కనిపించగా, ఆ దూరపు చుట్టాన్ని వెతుక్కుంటూ రీస్ అంతదూరం వెళ్ళాడు. 2010లో అది డాక్యుమెంటరీగా వచ్చింది. ఓడ దిగినవారికి వేట నేర్పిన అక్కడి ఆదివాసులు, తెహుయెల్చే ప్రజల పేరు మాత్రం తమరి కొమ్మల్లో ఎక్కడా లేదు. రక్తసంబంధం లేనివాడు ఆకలి తీర్చినా తమరి లెక్కలోకి రాడు గదా.

రెండవసారి జరిగిన వ్యవహారానికే ఈ లేఖ. మాడోగ్ అనే వెల్ష్ రాకుమారుడు 1170 ప్రాంతంలో అమెరికా చేరాడనీ, అతని సంతతివారు అక్కడి ఆదివాసుల్లో కలిసిపోయి ఇప్పటికీ వెల్ష్ భాషే మాట్లాడుతున్నారనీ ఒక కథ పద్దెనిమిదవ శతాబ్దంలో మంచి జోరు మీద ఉండేది. ఆధారం లేకపోయినా ఆరు వందల ఏళ్ళ వంశక్రమాన్ని గుటుక్కున మింగగలగడం తమరి భక్తులకు అలవాటే. యోలో మోర్గానుగ్ అనే కవి, ప్రాచీన పత్రాలను సొంతంగా తయారుచేయడంలో సిద్ధహస్తుడు, వారిని వెతకడానికి తానూ వస్తానని ఉత్సాహపడి చివరికి ఇల్లు కదలలేదు. వెళ్ళినవాడు వైన్‌వౌర్ గ్రామానికి చెందిన జాన్ ఎవాన్స్, ఇరవై రెండేళ్ళ కుర్రవాడు.

1792లో అమెరికా చేరిన ఎవాన్స్‌ను, అప్పట్లో స్పెయిన్ ఏలుబడిలో ఉన్న సెయింట్ లూయిస్‌లో ఆ దేశపు అధికారులు బ్రిటిష్ గూఢచారి అనుకొని జైల్లో పెట్టారు. బయటపడి, ఆ స్పెయిన్ కొలువులోనే చేరి, మిస్సోరి నది వెంట ఎగువకు సాగి 1796లో, ఆ వెల్ష్ సంతతి వీరేనని పుకారు ఉన్న మాండన్ తెగవారి ఊళ్ళకు చేరుకొని, ఒక చలికాలమంతా వారి మధ్య గడిపాడు. వెల్ష్ మాట ఒక్కటీ వినపడలేదు. అటువంటి ప్రజలెవరూ లేరని తేల్చి రాసేశాడు. వెతికింది దొరకలేదని ఇంత నిజాయితీగా చెప్పిన వంశ పరిశోధకుణ్ణి తమరి కొలువులో ఇంకొకరిని చూపండి! నది పొడవునా అతను గీసిన మ్యాపు మాత్రం అమెరికా పడమటి ప్రాంతాలను అన్వేషించడానికి 1804లో బయలుదేరిన లూయిస్, క్లార్క్‌ల చేతికి అందింది. అప్పటికి ఎవాన్స్ లేడు. 1799లో న్యూ ఆర్లీన్స్‌లో ఇరవై తొమ్మిదేళ్ళకే కన్నుమూశాడు.

పెళ్ళీ పిల్లలూ లేని ఇటువంటివాడికి తమరి దగ్గర చోటు ఉండదు, ఉన్నా ఎండుకొమ్మ. (ఆడపిల్లల పేర్లు రాయడం మరిచిపోయే మా తెలుగిళ్ళ వంశవృక్షాలూ ఈ విషయంలో తమరి బంధువులే.) అయినా దూరపు చుట్టమని ఇంట్లో చెప్పుకొనే ఆ ఎండుకొమ్మను పట్టుకొనే రీస్ 2012లో అమెరికా వెళ్ళి, ఎవాన్స్ నడిచిన దారిలో ఊరూరా పాడుతూ అతని కథ చెప్పాడు. ఎవాన్స్ చిత్రపటం ఒక్కటీ మిగలలేదు గనుక ఊహించి ఒక ఫెల్ట్ గుడ్డ బొమ్మను చేయించి, దాన్ని వెంట తిప్పాడు. మనవడు తాతను ఎత్తుకొని తిరుగుతున్నట్టున్న ఆ దృశ్యం చూసి కూడా తమరు ఒక గీత అయినా గీయలేదు.

కావున తమరిని కోరేది ఏమనగా: పిల్లలు లేనివారికి, వేట నేర్పినవారికి, దొరకలేదని ఒప్పుకున్నవారికి తగిన అర్జీ నమూనా ఏదైనా ఉంటే పంపగలరు. ఆ గుడ్డ బొమ్మను ఏ కొమ్మన కూర్చోబెట్టాలో కూడా అందులోనే తెలియజేయగలరు.

ఇట్లు,
తాత తండ్రి పేరు దగ్గరే ఆగిపోయిన ఒక పాఠకుడు