ఎన్‌సీఏఏ 20 గంటల రూల్ గారికి

అమెరికా కాలేజీ ఆటలను నడిపే ఎన్‌సీఏఏ అనే సంస్థ పెట్టిన మహారాజశ్రీ 20 గంటల రూల్ గారికి, ఎఫ్-1 వీసా మీద క్యాంపస్ డైనింగ్ హాల్‌లో ప్లేట్లు కడిగే ఒక ఎంఎస్ విద్యార్థి నమస్కరించి రాయునది. ఉభయకుశలోపరి.

మీకూ నాకూ దూరపు చుట్టరికం ఉంది. సెమిస్టర్ నడుస్తుండగా వారానికి 20 గంటలు మించి నేను క్యాంపస్‌లో పనిచేయకూడదు. మించితే వీసాకే ఎసరు. కాలేజీ ఫుట్‌బాల్ కుర్రాళ్లకు కూడా సీజన్‌లో ఆటకీ ప్రాక్టీసుకీ మీరు గీసిన గీత వారానికి 20 గంటలే. చదువు దెబ్బతినకూడదని 1991 నుంచి ఈ ఏర్పాటు.

మీ పద్దు చూశాకే కళ్లు తిరిగాయి. ఆట ఒక్కటే మూడు గంటలు దాటుతుంది. మీరేమో మ్యాచ్ రోజు మొత్తాన్నీ మూడు గంటలని రాసేస్తారు. మోకాలికి వైద్యం లెక్కలోకి రాదు. 'వాలంటరీ' వర్కవుట్ అసలే రాదు. దానికి డుమ్మా కొడితే కోచ్ పల్లెత్తు మాట అనడు, బెంచీ మీద కూర్చోబెడతాడంతే. ప్రయాణమూ సున్నాయే. పసిఫిక్ వైపున్న స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీ 2024లో అట్లాంటిక్ కోస్ట్ కాన్ఫరెన్స్ అనే కాలేజీ జట్ల లీగ్‌లో చేరింది కదా, ఆ పిల్లలు ఖండం దాటి ఎగిరొచ్చినా అంతే.

2014లో నార్త్‌వెస్టర్న్ యూనివర్సిటీ ఫుట్‌బాల్ ఆటగాళ్ల యూనియన్ కేసులో అమెరికా కార్మిక బోర్డు అధికారి లెక్క తీస్తే, సీజన్‌లో వారానికి 40 నుంచి 50 గంటలు తేలింది. అక్కడి క్వార్టర్‌బ్యాక్ కెయిన్ కోల్టర్ డాక్టర్ చదవాలనుకున్నాడు. కెమిస్ట్రీ క్లాసూ ప్రాక్టీసూ ఒకే టైముకొచ్చాయి. ఏది ఆగిందో మీకు చెప్పాలా?

కుర్రాణ్ని జట్టులోకి పిలవడానికి కోచ్ రిక్రూటింగ్‌కని ఇంటికి వచ్చినప్పుడు మాత్రం పెళ్లిచూపుల మర్యాదలే. "మీవాడి డిగ్రీ పూచీ నాదమ్మా" అని సోఫాలో కూర్చుని తల్లికి మాటిచ్చిన కోచ్, వాడు పట్టా పుచ్చుకునేదాకా ఆ కాలేజీలో ఉంటే గొప్పే. ఆయన్నీ అనలేం లెండి, ఉద్యోగం ఊడేది మ్యాచ్ ఓడితేనే గానీ పిల్లలు ఆల్జీబ్రా తప్పితే కాదు. ఊడినా లోటేం లేదు. 2023లో టెక్సస్ ఏ అండ్ ఎం యూనివర్సిటీ సాగనంపిన ఫుట్‌బాల్ కోచ్ జింబో ఫిషర్‌కి ముట్టజెప్పాల్సింది 7.5 కోట్ల డాలర్ల పైమాటే. గంటకెంత పడిందో లెక్కేద్దామంటే పనిగంటలే లేవు!

కాబట్టి నా విన్నపం ఒక్కటే. మ్యాచ్ ఉన్న శనివారం మా డైనింగ్ హాల్ కూడా జాతరే. ఆ షిఫ్టును మీ పద్ధతిలోనే మూడు గంటలని రాయించి, మిగతాది వాలంటరీ అనిపించండి. జీతం మాత్రం అన్ని గంటలకీ ఇప్పించగలరు.

ఇట్లు,
టైమ్‌షీట్ తప్పకుండా నింపే మీ విధేయుడు