ఎర్ర మ్యాప్ చూపించి పొలం వేడి ఇంత అని తేల్చేయకండి

ఏప్రిల్ వచ్చిందంటే చాలు, వాట్సాప్ గ్రూపుల్లో మన జిల్లాల ఎర్ర మ్యాపులు తిరగడం మొదలవుతుంది. కింద "విజయనగరంలో 51 డిగ్రీలు, శాటిలైట్ తేల్చింది" అని ఉంటుంది. ఆ రోజు విపత్తుల నిర్వహణ సంస్థ మండలాలవారీగా ఇచ్చిన లెక్క 40 దగ్గర్లో ఉంటుంది. ఇంకేముంది, వేడిని దాచిపెడుతున్నారని మరో పోస్టు. ఈ గోల చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. రెండు అంకెలూ నిజమే కావచ్చు. అవి కొలిచింది ఒకటి కాదు, అంతే.

వాతావరణ కేంద్రంలో కొలిచేది గాలి వేడి, అదీ ఎండ తగలకుండా, దాదాపు మనిషి ఎత్తులో. శాటిలైట్ చూసేది నేల పైపొరని. మట్టి, ఆకు, పెంకు, తారు రోడ్డు, పైనుంచి ఏది కనబడితే దాని వేడి. మొన్న మార్చి ఆఖర్లో చీపురుపల్లి వైపు ఒక రైతు పొలంలో, తాకకుండానే పైపొర వేడి చెప్పే ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్ పట్టుకుని చూశాం. మిట్టమధ్యాహ్నం, గాలి వేడి 36. వరి కోసేసి ఖాళీగా వదిలేసిన మడిలో మట్టి 49 చూపించింది. గట్టు దాటితే ముందురోజే తడి పెట్టిన మొక్కజొన్న, ఆకు మీద 34. మధ్యలో ఉన్నది ఒక్క గట్టు! ఆకుల్లోంచి నీరు ఆవిరవుతూ మొక్కని చల్లగా ఉంచుతుంది, ఎండిన మట్టికి ఆ వీలు లేదు. శాటిలైట్ లెక్కతో పొలం వేడి చెప్పే యాప్ ఒకటి ఆ రైతు ఫోన్‌లో ఉంది, అది మాత్రం రెండు చెక్కలకీ ఒకే వేడి చూపించింది. "బాబూ, మరి దీన్ని నమ్మి తడి పెట్టాలా, మానాలా?" అని అడిగాడు. నమ్మొద్దనే చెప్పాను.

అలా ఎందుకు చూపిస్తుందో యాప్ అమ్మేవాళ్లు చెప్పరు. ల్యాండ్‌శాట్ 8, 9 ఉపగ్రహాల్లో వేడిని పట్టే సెన్సర్ ఒక్కో గడిని 100 మీటర్ల పొడవు, 100 మీటర్ల వెడల్పుతో చూస్తుంది. అంటే దాదాపు రెండున్నర ఎకరాలు. తర్వాత కంప్యూటర్‌లో దాన్ని 30 మీటర్ల గడులుగా విడగొట్టి ఇస్తారు. బొమ్మ నున్నగా కనిపిస్తుంది గానీ కొత్తగా చేరిన సమాచారమేమీ ఉండదు. మా వైపు రెండున్నర ఎకరాలంటే ముగ్గురు నలుగురి చెక్కలు, గట్ల మీద తాటిచెట్లు, పక్కన చెరువు మదుము. అన్నీ కలిసి ఒకే అంకె అవుతాయి. మోడిస్ అనే ఇంకో ఉపగ్రహ సెన్సర్‌ది అయితే మరీ పెద్దది, కిలోమీటరుకి ఒక గడి. ఊరూ పొలాలూ అన్నీ అందులోనే.

పైగా ల్యాండ్‌శాట్ మన మీదుగా వెళ్లేది ఉదయం పది, పదిన్నర మధ్య. పంట నీటికి అల్లాడేది మధ్యాహ్నం. ఒక్కో ఉపగ్రహం మళ్లీ అదే చోటికి రావడానికి 16 రోజులు, రెండూ కలిపితే 8. ఆ రోజు మబ్బు పట్టిందా, ఇక అంతే. ఈ సెన్సర్ మబ్బుని దాటి చూడలేదు, కనిపించేది మబ్బు వేడే. శ్రీకాకుళంలో జూలై, ఆగస్టుల్లో వరి నాట్లు పడేటప్పుడు ఆకాశం తెరిపిగా ఉండేది ఎన్ని రోజులు? అయినా "ఖరీఫ్ సగటు నేల వేడి" అని మ్యాపు వేస్తారు. ఆ సగటు తెరిపి రోజులది మాత్రమే, అంటే సీజన్‌లో ఎండ కాసిన రోజులది. ఆ మాట మ్యాపు మీద ఎక్కడా ఉండదు.

ఇంకో పద్ధతి చూస్తే మరీ బాధేస్తుంది. ఇరవై ఏళ్ల నాటి ఏప్రిల్ బొమ్మ ఒకటి, ఈ ఏటిది ఒకటి పక్కపక్కన పెట్టి "జిల్లా ఇంత వేడెక్కింది" అనేస్తారు. అప్పటి బొమ్మకి ముందురోజు ఈదురుగాలులతో వాన పడి ఉంటే? ఈ ఏడు అపరాలు పదిరోజులు ముందే తీసేసి నేల ఖాళీగా ఉంటే? ఉద్దానం సంగతే చూడండి. 2018 అక్టోబరులో తిత్లీ తుపానుకి కొబ్బరి, జీడితోటలు కూలిపోయాయి. అంతవరకూ శాటిలైట్‌కి కనిపించింది ఆకు, ఆ తర్వాత ఇసుక నేల. గాలి వేడి ఒక్క డిగ్రీ పెరగకపోయినా మ్యాపు ఎర్రబడుతుంది. అది తోట పోయిన నష్టానికి గుర్తు. దాన్ని వాతావరణ మార్పు ఖాతాలో వేస్తే ఉద్దానం రైతుకి అన్యాయం చేసినట్టే.

ఇంత చెప్పినా ఈ లెక్క పనికిరాదని నేను అనను. ఒకే రోజు, ఒకే బొమ్మలో, ఒకే పంట ఉన్న రెండు చోట్ల మధ్య తేడా చాలావరకు నమ్మదగ్గది. వంశధార కాలువ ఎగువ ఊళ్లలో వరి చల్లగా, చివరి ఊళ్లలో వేడిగా కనిపిస్తే, నీళ్లు అక్కడిదాకా వెళ్తున్నాయా అని అధికారుల్ని నిలదీయడానికి అదొక ఆధారం. శివారు రైతు ఏళ్ల తరబడి నోటితో మొరపెట్టుకుంటున్నాడు. ఈ బొమ్మ వాడాల్సింది అలాంటి చోట.

ఇస్రో, ఫ్రాన్స్ కలిసి తృష్ణ అనే ఉపగ్రహం తయారు చేస్తున్నాయి. గడి 57 మీటర్లకి తగ్గుతుంది, మూడు రోజులకోసారి చూస్తుంది. మబ్బు బాధ దానికీ తప్పదు, నేల మీద కొలిచి సరిచూడాల్సిన పనీ తప్పదు. సముద్రం పక్కన మన గాలిలో తేమ ఎక్కువ, అది నేల నుంచి వచ్చే వేడి కిరణాల్ని కొంత మింగేస్తుంది. అందుకని లెక్కలో సవరణ చేస్తారు. ఆ సవరణ మన పొలాల్లో ఎంతవరకు సరిపోతోందో మనమే చూసుకోవాలి. రాగోలులో పరిశోధనా స్థానం ఉంది, నైరలో వ్యవసాయ కళాశాల ఉంది. ఉపగ్రహం మన మీదుగా వెళ్లే రోజు, అదే గంటకి, నాలుగైదు ఊళ్లలో పిల్లల్ని థర్మామీటర్లతో పొలాల్లోకి పంపితే చాలు. కొలిచిన అంకెలు రైతుకీ ఇవ్వాలి. ఈ రబీ మొక్కజొన్నతోనే మొదలుపెట్టొచ్చు.