అంగారక గోల్ఫు గారికి ఒక ఆడిట్ అభ్యంతరం

మహారాజశ్రీ అంగారక గోల్ఫు గారి సముఖమునకు,

ఉభయకుశలోపరి. ఇక్కడ మేమందరం క్షేమం. తమరి గ్రహం మీద పీల్చే గాలీ, పారే నీరూ, పలకరించే మనిషీ లేరు గనుక అక్కడి క్షేమ సమాచారాలు అడగడం కేవలం మర్యాద కోసమేనని గ్రహించగలరు.

నేను ముప్పై నాలుగేళ్లు ఒక బ్యాంకులో లెక్కలు సరిచూసి పదవీ విరమణ చేసినవాణ్ణి. కిందటి వేసవి సెలవుల్లో మా మనవడు 'గోల్ఫ్ ఆన్ మార్స్' అనే ఆటగా నా ఫోనులోకి తమరిని దింపి, "తాతయ్యా, ఇందులో నేర్చుకోవడానికి ఏమీ ఉండదు, నువ్వు కూడా ఆడొచ్చు" అని ఒక్క మాట చెప్పి వాళ్ల ఊరు వెళ్లిపోయాడు. ఎర్రటి నేల, ఒక బంతి, ఒక గుంట. వేలితో వెనక్కి లాగి వదిలితే బంతి లేస్తుంది. గుంటలో పడితే తెర పక్కకు జరిగి మరో గుంట వస్తుంది. శభాష్ అనేవారుండరు, నాణేలు రాలవు, సంగీతం మోగదు, పడిన గుంట వెనుక మరో గుంట తప్ప ఇంకేమీ ఉండదు. ఆ గుంటలను కూర్చుని గీసినవారు ఎవరూ లేరనీ, ఒక సూత్రం వాటిని ఎప్పటికప్పుడు పుట్టిస్తూ పోతుందనీ మనవడు ఫోనులో వివరించినప్పుడు, ఎదుటివాడు అలసిపోతాడనే ఆశ కూడా ఈ ఆటలో లేదని నాకు అర్థమైంది.

తమరి వంశం గురించి కొంత విచారించాను. తమరిని సృష్టించిన జస్టిన్ స్మిత్ అనే ఆయనే అంతకుముందు, 2014 ఆగస్టులో, డెజర్ట్ గోల్ఫింగ్ అనే ఆటను విడుదల చేశారు. ఇదే తీరు, కాకపోతే అది భూమ్మీది ఎడారి. అందులో మొదటి నుంచి మళ్లీ ఆడే వీలు లేదు, కొట్టిన దెబ్బను వెనక్కి తీసుకునే వీలు లేదు. కొట్టిన ప్రతి దెబ్బా మొత్తంలో కలిసి తెర పైభాగాన కూర్చుంటుంది. సరిగ్గా ఆ తరువాతి నెలలోనే, 2014 సెప్టెంబరు 24న, మన మంగళయాన్ అంగారకుడి కక్ష్యలో చేరింది. అది శ్రీహరికోట నుంచి బయలుదేరిన 2013 నవంబరు 5 మంగళవారం కావడం, మంగళవారం కొత్త పని మొదలుపెట్టరాదని నమ్మే మా ఇంట్లో అప్పట్లో పెద్ద చర్చకు దారి తీసింది. ఆరు నెలలు పనిచేస్తే చాలనుకుని సుమారు 450 కోట్ల రూపాయలతో పంపిన ఆ నౌక ఏడేళ్లకు పైగా పనిచేసింది. అయిదు నిమిషాలు ఆడితే చాలనుకున్న నేను పదకొండో నెలలో ఉన్నాను. మంగళుడితో పెట్టుకున్న పనులకు గడువులు నిలవవని దీన్నిబట్టి అనుకోవాలి.

ఇక అభ్యంతరాలకు వస్తాను. తమరి ఎరుపు, తమరి నిశ్శబ్దం నాకు సమ్మతమే. నా అభ్యంతరమల్లా తమరి దగ్గర రివర్సల్ ఎంట్రీ లేకపోవడం గురించి. మా బ్యాంకులో ఎంతటి పొరపాటు జరిగినా దానికొక విరుగుడు ఉండేది. ఒకరి ఖాతాలో పడవలసిన సొమ్ము మరొకరి ఖాతాలో పడితే, మేనేజరు గారు సంతకం పెట్టి, తిరుగు పద్దు వేయించి, సాయంత్రానికి లెక్క కుదిర్చి, గుమాస్తాను నాలుగు మాటలని ఇంటికి పంపించేవారు. తప్పు పుస్తకంలో కనిపిస్తూనే ఉండేది, కానీ దాని పక్కనే దాని దిద్దుబాటు కూడా కనిపించేది. తమరి దగ్గర తప్పు మాత్రమే కనిపిస్తుంది.

నేను డైరీలో రాసుకుంటున్న లెక్క ప్రకారం ఈ ఉదయానికి 1,418 గుంటలకు 4,907 దెబ్బలు, అంటే సగటున గుంటకు 3.46. ఇందులో 877వ గుంట ఒక్కదానికే 19 దెబ్బలు ఖర్చయ్యాయి. నిటారుగా ఉన్న గట్టు మీద గుంట, ఇవతల లోయ. బంతి అంచు దాకా వెళ్లడం, ఒక క్షణం ఆలోచించడం, తిరిగి నా దగ్గరికే దొర్లుకుంటూ రావడం. ఆ రోజు ఇంటికి గ్యాసు సిలిండరు వచ్చి, నా చేయి కదిలి, కనీసం రెండు దెబ్బలు వృథాగా పోయాయి. అవి ఏ న్యాయం ప్రకారమూ నా ఖాతాలో పడవలసినవి కావు. ఆ 19ని 3గా దిద్దితే సగటు 3.45కు దిగుతుంది. రెండో దశాంశ స్థానంలో ఒక్క అంకె కోసం ఇంత ఉత్తరమా అని తమరు అడగవచ్చు. మా బ్రాంచిలో పదమూడు పైసల తేడా కోసం నలుగురం రాత్రి పదకొండింటి దాకా కూర్చున్న సందర్భం ఉంది కనుక ఆ ప్రశ్న నన్ను బాధించదు.

చిన్నప్పుడు గోలీలాట ఆడినవాణ్ణి. అక్కడా గుంటే, అక్కడా వేలిని వెనక్కి వంచి వదలడమే. కానీ గోలీ గురి తప్పితే నేల మీద రాయి ఉందనేవాళ్లం, ఎవడో దగ్గాడనేవాళ్లం, ఎదుటివాడు తొండి ఆడాడని ఇంటికెళ్లి పంచాయితీ పెట్టేవాళ్లం. ఆట ఓడినా వాదన గెలిచి వచ్చిన సాయంత్రాలు చాలా ఉన్నాయి. తమరితో తొండి ఆడటానికి వీలు లేదు, తమరు తొండి ఆడారని అనడానికీ వీలు లేదు. ఎదుట మనిషి లేని ఆటలో ఓడిపోవడం ఎంత కష్టమో తమరు ఎన్నడైనా ఆలోచించారా?

చంద్రుడి మీద గోల్ఫు ఆడిన ఆలన్ షెపర్డ్‌కు కూడా ఇంత కష్టం రాలేదు. 1971 ఫిబ్రవరి 6న అపోలో 14 యాత్రలో ఆయన, రాళ్లూ మట్టీ సేకరించే పనిముట్టు పిడికి గోల్ఫు కర్ర తల తగిలించి, బిగుతైన అంతరిక్ష దుస్తుల్లో ఒంటి చేత్తో కొట్టారు. మొదట బంతికన్నా మట్టే ఎక్కువ లేచింది. అయినా మళ్లీ మళ్లీ ఊపడానికి ఎవరూ అడ్డు చెప్పలేదు, భూమి నుంచి సహచరుడు వేళాకోళం కూడా చేశాడు. చివరి దెబ్బకు బంతి మైళ్ల కొద్దీ పోయిందని ఆయన ప్రకటించుకున్నారు. దశాబ్దాల తరువాత పాత ఫొటోలను శుభ్రం చేసి కొలిస్తే ఒక బంతి 24 గజాలు, రెండోది 40 గజాలు పోయినట్టు తేలింది. యాభై ఏళ్ల పాటు ఆ మైళ్లను ఆయన దగ్గర నుంచి ఎవరూ తీసుకోలేదన్నది ఇక్కడ గమనించవలసిన విషయం. నాకు 877వ గుంట దగ్గర ఒక్క గజం కూడా అబద్ధం చెప్పుకునే అవకాశం దక్కలేదు.

క్షేత్ర పరిశీలన కూడా చేశాను. తమరి గ్రహం మీద గురుత్వాకర్షణ ఇక్కడి దానిలో 38 శాతం. గాలి పీడనం ఒక శాతం కూడా లేదు, ఉన్న కాస్త గాలీ చాలావరకు బొగ్గుపులుసు వాయువే. నిజంగా అక్కడ గోల్ఫు బంతిని కొడితే ఆపే గాలి లేక ఇక్కడికన్నా చాలా ఎక్కువ దూరం పోతుంది. గాలిలో లేవడానికి సాయపడాలని బంతి మీద చెక్కిన సొట్టలు అక్కడ ఎందుకూ కొరగావు. వీటన్నిటినీ మించి, గోల్ఫులో ఇసుక గుంటను ఆటగాడికి శిక్షగా అక్కడొకటి ఇక్కడొకటి పెడతారు గానీ, తమరు ఏకంగా గ్రహమంతా శిక్షగానే పరిచారు. ఆ ఇసుక సంగతి స్పిరిట్ అనే రోవరుకు బాగా తెలుసు. 90 రోజుల పని మీద వెళ్లి ఏళ్ల తరబడి తిరిగిన ఆ బండి 2009లో మెత్తటి ఇసుకలో కూరుకుపోయింది. నెలల తరబడి భూమి మీద ఇసుక పోసి, నమూనా బండిని అందులో దించి, బయటపడే ఉపాయాలు వెతికారు. ఫలితం లేక, మరుసటి ఏడాది మార్చి తరువాత దాని నుంచి మాట రాలేదు. అది కూరుకుపోతే అంతమంది ఇంజనీర్లు కూర్చుని ఆలోచించారు. నేను కూరుకుపోయిన రోజున మా ఇంట్లో వంకాయ కూర చల్లారిపోతోందన్న మాట తప్ప ఏ సలహా రాలేదు.

తమరి రోజు మా రోజుకన్నా దాదాపు 40 నిమిషాలు ఎక్కువ. అక్కడ రోవరు దిగిన కొత్తలో దాన్ని నడిపే శాస్త్రవేత్తలు అంగారక కాలమానం ప్రకారం రోజూ 40 నిమిషాలు ఆలస్యంగా పనికి వచ్చేవారట. వాళ్లకు అందుకు జీతం ఇచ్చారు. రోజూ 40 నిమిషాలు ఆలస్యంగా నిద్రపోతున్న నాకు పొద్దున్న కాఫీ కూడా ఆలస్యంగానే అందుతోంది.

ఇంతకన్నా ముఖ్యమైన విషయం ఒకటుంది. నా జాతకంలో కుజుడు సప్తమంలో ఉన్నాడు. ఆ కారణంగా నాకు కుదిరినట్టే కుదిరి తప్పిపోయిన సంబంధాలు మూడు. చివరికి మా ఆవిడ జాతకంలోనూ కుజదోషం ఉందని తేలడంతో, దోషానికి దోషం చెల్లు అని పురోహితులు గారు తేల్చి ముహూర్తం పెట్టారు. బ్యాంకు భాషలో దీన్ని కాంట్రా ఎంట్రీ అంటాం. అంటే జాతకంలోని కుజుడికి సైతం సర్దుబాటు తెలుసు. కందులు దానమిచ్చి, ఎర్రని వస్త్రం సమర్పించి, సుబ్రహ్మణ్యేశ్వరుడికి పూజ చేయిస్తే ఎంతో కొంత శాంతిస్తాడని ఆశ. అంతటి ఉగ్రగ్రహమే విన్నపాలు వింటూ ఉంటే, ఆయన పేరు పెట్టుకున్న తమరిలో ఒక మెనూ గానీ, ఒక అర్జీ పెట్టె గానీ, కనీసం "నిజంగానే కొట్టదలచారా?" అని అడిగే సౌజన్యం గానీ లేకపోవడం ఏం న్యాయం?

కావున 877వ గుంట వద్ద నమోదైన 19 దెబ్బలలో, గ్యాసు సిలిండరు నిమిత్తం పడిన రెండింటినైనా రద్దు చేయవలసిందిగా సవినయంగా కోరుతున్నాను. సిలిండరు రసీదు జత చేస్తున్నాను. తేదీ, సమయం అందులో ఉన్నాయి.

ఇట్లు,
తమ విధేయుడు,
ఖాతా నిలువ: 1,418 గుంటలు, 4,907 దెబ్బలు

తా.క. ఈ ఉత్తరం ముగించేసరికి మా ఆవిడ కందులు, ఎర్ర రవికల గుడ్డ సంచిలో సర్దుకుని గుడికి బయలుదేరింది. ఇంత కాలం తరువాత ఎవరి దోషానికి ఈ దానమని అడిగితే సమాధానం చెప్పకుండా నా చేతిలోని ఫోను వంక చూసి, "తలుపు వేసుకోండి" అని వెళ్లింది. ఇవాళ మంగళవారం, గుడిలో రద్దీ ఉంటుంది. ఆవిడ వచ్చేలోగా 1,419వ గుంట పూర్తి చేయగలననుకుంటున్నాను. మూడు దెబ్బలయ్యాయి, బంతి అంచు మీద ఉంది.