చదువొక్కటే తక్కువ

విద్యార్థి ప్రగతికి చదువు పెద్ద అడ్డంకిగా తయారైంది. దాన్ని వీలైనంత త్వరగా తొలగించాలని ప్రభుత్వానికీ, తల్లిదండ్రులకీ సవినయంగా మనవి చేస్తున్నాను. తొందరపడి అంటున్న మాట కాదిది. హైదరాబాద్ అశోక్‌నగర్‌లో గది తీసుకుని గ్రూప్-2కి ప్రిపేర్ అవుతున్న మా చెల్లెలి కొడుకుని మూడేళ్లుగా గమనించి మరీ అంటున్నాను.

కిందటి తెలంగాణ గ్రూప్-2 నోటిఫికేషన్ 2022 డిసెంబరులో వచ్చింది. 783 పోస్టులకు ఐదున్నర లక్షలమంది దరఖాస్తు పెట్టారు. నాలుగు తేదీలు వచ్చి వాయిదా పడి, చివరికి 2024 డిసెంబరు 15, 16 తేదీల్లో పరీక్ష జరిగింది. గిట్టనివాళ్లు దీన్ని ఆలస్యం అన్నారు. నేను అనను. కొత్త టైంటేబుల్ గీసుకోవడానికి అభ్యర్థులకు ఐదు అవకాశాలు దొరికాయి. మావాడు ఐదూ సద్వినియోగం చేసుకున్నాడు.

టైంటేబుల్ అంటే ఆషామాషీ వ్యవహారం కాదు. చరిత్రకి ఆకుపచ్చ, పాలిటీకి నీలం, ఎకానమీకి గులాబీ. రంగులు కుదరడానికే రెండు రోజులు పడుతుంది. ఆ తరవాత ముహూర్తం. సోమవారం గానీ ఒకటో తారీఖు గానీ కావాలి. రెండూ కలిసొస్తే మరీ శ్రేష్ఠం. పొద్దున్న ఆరింటికి మొదలుపెట్టాలని రాసుకున్నాక ఆరూ ఏడు నిమిషాలకి మెలకువ వచ్చిందనుకోండి, అది వర్జ్యం. ఏడింటి దాకా పుస్తకం ముట్టుకోకూడదు. ఏడుకి టిఫిన్ సెంటర్ దగ్గర జనం ఎక్కువుంటారు కాబట్టి ఎనిమిది. ఎనిమిది దాటితే ఆ రోజుకి ఇక మంచి గడియ లేనట్టే. మా ఊరి పంతులుగారు కూడా ఇంత పట్టింపుగా ముహూర్తాలు చూడరు.

ఇక పరికరాల సంగతి. 1980ల చివర్లో ఇటలీలో ఫ్రాంచెస్కో సిరిల్లో అనే కుర్రాడికి పుస్తకం మీద మనసు నిలిచేది కాదు. వంటింట్లో వాడే టమాటా ఆకారపు టైమర్ ఒకటి తెచ్చి తిప్పి పెట్టుకుని, అది మోగేదాకా చదవడం అలవాటు చేసుకున్నాడు. 25 నిమిషాలు చదువు, ఐదు నిమిషాలు విరామం. టమాటాని ఇటాలియన్‌లో పొమొడొరో అంటారు కాబట్టి ఆ పద్ధతికి అదే పేరు స్థిరపడింది. పాపం, ఆ కుర్రాడి దగ్గర ఒకే ఒక్క టమాటా ఉండటంతో చదవక తప్పలేదు. మావాడి ఫోన్లో ఏడు రకాల టమాటాలున్నాయి. వాటిలో ఏది మేలైనదో తేల్చుకోవడానికి రివ్యూ వీడియోలు చూస్తున్నాడు. విరామం విషయంలో మాత్రం చాలా నిక్కచ్చి మనిషి. ఒక్కోసారి ముందు అదే తీసుకుంటాడు.

ఫోన్ ముట్టుకోకుండా ఉంటే తెరమీద చెట్టు మొలిచే యాప్ ఒకటుంది, ఫారెస్ట్ అని. యాప్ వదిలి బయటికొస్తే చెట్టు ఎండిపోతుంది. మావాడిది జాలిగుండె. పచ్చని చెట్టుని చేతులారా చంపుకోలేక రీల్స్ చూడటానికి రెండో ఫోన్ కొన్నాడు. ఇప్పుడు వాడి పేరు మీద ఓ చిన్నసైజు నల్లమల అడవి ఉంది.

మొన్నామధ్య ఫోన్ చేస్తే చాలా బిజీగా ఉన్నానన్నాడు.

“ఏం చదువుతున్నావురా?”

“చదవట్లేదు మామయ్యా. నోషన్ అనే నోట్స్ యాప్‌లో సెకండ్ బ్రెయిన్ కట్టుకుంటున్నా.”

“మొదటిది ఏమైంది?”

“అది అలాగే ఉంది.”

నమ్మాను. మొదటిదాన్ని ఇన్నేళ్లు కొత్తదానిలా ఉంచగలగడం ఎంత కష్టం!

కొన్ని సాయంత్రాలు వాడు ‘నాతో పాటు చదవండి’ అనే వీడియోలు చూస్తాడు. అందులో ఏ దేశంవాడో దీపం కింద కూర్చుని మూడు గంటలు మాట్లాడకుండా చదువుకుంటూ ఉంటాడు. మావాడు మంచం మీద పడుకుని ఆ మూడు గంటలూ కళ్లార్పకుండా చూస్తాడు. అవతలివాడికి ఏదో ఒక ఉద్యోగం వచ్చే ఉంటుంది.

రంగు పెన్నుల గురించి చెప్పకపోతే పాపం తగులుతుంది. వాడి తెలుగు అకాడమీ పుస్తకం హోలీ ఆడి వచ్చినట్టుంటుంది. ముఖ్యమైన వాక్యాలకి పసుపు, మరీ ముఖ్యమైనవాటికి నారింజ, ఏమీ పూయని వాక్యాలు ఎక్కడో నాలుగైదు. ఇప్పుడు అవే కొట్టొచ్చినట్టు కనబడుతున్నాయి. అయితే 2013లో అమెరికాలో జాన్ డన్‌లాస్కీ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, ఇంకో నలుగురూ కలిసి పది చదువు పద్ధతులను వడబోసి ఒక పత్రం వేశారు. గీతలు గీయడం వల్లా, చదివిందే మళ్లీ చదవడం వల్లా ఒరిగేది తక్కువేనట. పుస్తకం మూసి తనను తాను పరీక్షించుకోవడం, మధ్యలో కొన్నాళ్లు ఎడమిచ్చి మళ్లీ చూడటం, ఈ రెండూ బాగా పనిచేస్తాయట. స్టేషనరీ షాపులవాళ్ల కడుపు కొట్టే ఇలాంటి పరిశోధనలను మనం ప్రోత్సహించకూడదు. పైగా ఇందులో కొత్తేముంది? దీన్ని మా చిన్నప్పుడు ఒప్పజెప్పడం అనేవాళ్లు. పైసా ఖర్చు లేకుండా, ఛార్జింగ్ పెట్టకుండా అయిపోయే పని. అందుకే దానికి భవిష్యత్తు లేకపోయింది.

ఎడమిచ్చి చూడటానికి మాత్రం అంకి అనే యాప్ ఉంది. జపాన్ భాషలో ఆ మాటకి బట్టీ పట్టడమని అర్థం. మనం మర్చిపోయే వేళకి సరిగ్గా ఆ కార్డే ముందుకు తెస్తుంది. మంచి సాధనమే. కానీ వారం రోజులు తెరవకపోతే బాకీ కార్డులు కొండలా పేరుకుంటాయి. మావాడు ఆ కొండని చూసి టెన్షన్ పడి, యాప్ తీసేసి, ప్రశాంతంగా ఉన్నాడు.

కృత్రిమ మేధ వచ్చాక ఈ మిగిలిన శ్రమ కూడా తగ్గింది. నాలుగొందల పేజీల పీడీఎఫ్‌ని అది చదువుతుంది, అదే నాలుగు పేజీలకి కుదిస్తుంది, అందులోంచి అదే ప్రశ్నలడుగుతుంది, జవాబులూ అదే చెబుతుంది. మధ్యలో మావాడు కాగితాలు అటూ ఇటూ మోసే అటెండరు ఉద్యోగం చేస్తున్నాడు. గ్రూప్-2 రాకపోయినా ఈ అనుభవం ఎక్కడికీ పోదు.

కాబట్టి నా ప్రతిపాదన ఇది. గ్రూప్-2లో నాలుగు పేపర్లు, ఒక్కోటి 150 మార్కులు, మొత్తం 600. ఆ లెక్క కదపనక్కర్లేదు. మొదటి పేపర్లో టైంటేబుల్ గీయించాలి. రెండోదానిలో రంగులు. మూడోదానిలో టెలిగ్రామ్ నుంచి పీడీఎఫ్‌లు దించుకోవడం. ఎవరైనా పొరపాటున ఒక్క ఫైలు తెరిచినా నెగెటివ్ మార్కు వేయాలి. నాలుగో పేపరు సంగతి అభ్యర్థులే యాప్‌లో ఓటింగ్ పెట్టి తేల్చుకుంటారు. వాయిదాలు యథాతథం.

ఈ వ్యవస్థకి ఎంత రక్షణ అవసరమో నాకు దసరాకి మా ఊళ్లో తెలిసొచ్చింది. మావాడు పండక్కి వచ్చిన రోజు సాయంత్రం గాలివాన పట్టుకుని కరెంటు పోయింది. కాసేపటికి రెండు ఫోన్లూ చచ్చాయి. చీకట్లో ఏం చేయాలో తోచక కూర్చున్నవాణ్ణి మా అమ్మ పిలిచింది.

“ఏరా, నువ్వు చదివేదేంటో నాక్కూడా కాస్త చెప్పరా.”

“73వ రాజ్యాంగ సవరణ అమ్మమ్మా. 1992లో చేశారు. పంచాయతీలకి 11వ షెడ్యూల్లో 29 అంశాలు రాశారు.”

“ఏమేంటవి?”

వ్యవసాయంతో మొదలుపెట్టి గడగడా పది చెప్పి ఆగిపోయాడు.

“మా చెరువు చెప్పావా?”

“చిన్న నీటిపారుదల. చెప్పా.”

“అందులో చేపలో?”

“అయ్యో, మత్స్య పరిశ్రమ!”

“గొడ్లకి మేత?”

“ఇంధనం, పశుగ్రాసం. అది పన్నెండోది.”

“మరి శ్మశానం?”

“అది ఇందులో రాదు అమ్మమ్మా. 12వ షెడ్యూలు, మున్సిపాలిటీలది.”

“అంటే ఏంట్రా, పల్లెటూళ్లో మనుషులు చావరా?”

ఈ ప్రశ్న ఏ పీడీఎఫ్‌లోనూ లేదు. అలా ఆవిడ “ఊఁ, తరవాత?” అంటూ గంటన్నర కూర్చోబెట్టింది. 29కి 27 వచ్చాయి. మిగిలిన రెండూ గుర్తుకు రాక పడుకున్నాక కూడా గొణుక్కుంటూనే ఉన్నాడు.

కరెంటు అర్ధరాత్రి దాటాక వచ్చింది. ఫోన్ ఛార్జింగ్‌కి పెట్టి యాప్ తెరిచినవాడు కెవ్వుమన్నాడు. నిన్న చదివిన సమయం, సున్నా నిమిషాలు. 41 రోజులుగా ఒక్కరోజూ తప్పకుండా సాగుతున్న స్ట్రీక్ తెగిపోయింది! ఆ 41 రోజులూ ఏం చదివావని నేను అడగలేదు. అడిగే సమయం కాదది. పొద్దున్న టిఫిన్‌కి కూడా లేవలేదు వాడు. ఏమైందని అమ్మ అడిగితే, వాడి స్ట్రీక్ పోయిందట అని చెప్పాను.

ఆవిడ పెసరట్టు తిరగేయడం ఆపి, కాసేపు బాధపడి, “అయ్యో, చిన్నవయసేనా?” అంది.