13 రోజుల నిబంధన

ఐఐటీల్లో ప్రవేశానికి నిర్వహించే జేఈఈ అడ్వాన్స్‌డ్‌ను మూడుసార్లు రాయవచ్చని 2024 నవంబరు 5న ప్రకటించి, 18న మళ్లీ రెండుసార్లేనని మాట మార్చిన ఆ పరీక్ష నిబంధనలు ఖరారుచేసే జాయింట్ అడ్మిషన్ బోర్డు నిర్వాకాన్ని సుప్రీంకోర్టు 2025 జనవరి 10న కొంతమేరకు సరిదిద్దింది. ఆ రెండు తేదీల మధ్య చదువుతున్న కోర్సును వదిలేసిన విద్యార్థులకు పరీక్ష రాసే అవకాశమివ్వాలని జస్టిస్ బి.ఆర్.గవాయ్, జస్టిస్ ఏ.జి.మసీహ్ ధర్మాసనం ఆదేశించింది. బోర్డు నిర్ణయం మంచిచెడ్డల జోలికి మాత్రం వెళ్లలేదు. అంటే, పిల్లలు ఒక నిబంధనను నమ్ముకొని అడుగు వేశాక దాన్ని మార్చేసే వెసులుబాటు బోర్డు చేతిలో అలాగే ఉంది.

చేరిన సీటు వదులుకోవడమంటే ఏమిటో తెలుగు రాష్ట్రాల తల్లిదండ్రులకు విడమరచి చెప్పనక్కర్లేదు. టీసీ, ఇంటర్ మెమో కాలేజీ బీరువాలో ఉంటాయి. మిగిలిన సంవత్సరాల ఫీజు కూడా కడితే తప్ప ఒరిజినల్స్ ఇవ్వబోమని పేచీ పెట్టే యాజమాన్యాలు కోకొల్లలు. వారిని బతిమాలి, అప్పో సప్పో చేసి, లాంగ్‌టర్మ్ కోచింగులో చేరిన పిల్లవాడికి రెండు వారాలు తిరగకముందే నీకు అర్హత లేదని చెప్పారు. 2023లో ఇంటర్ పూర్తిచేసినవారికి జరిగిన అన్యాయం ఇది. అడ్వాన్స్‌డ్‌కు అర్హతనిచ్చే జేఈఈ మెయిన్ జనవరి విడత దరఖాస్తు గడువుకు అప్పటికి మిగిలింది నాలుగు రోజులు.

అవకాశాలు పెంచితే ఏళ్ల తరబడి కోచింగుకు డబ్బు పోయగలిగినవారికే మేలన్న వాదనలో నిజం లేకపోలేదు. రెండుసార్లా, మూడుసార్లా అన్నది నిపుణులు తేల్చాల్సిన విషయం. మా అభ్యంతరమల్లా మార్చిన తీరుపైనే. బోర్డు కోర్టుకు చెప్పినట్లు చేరిన కోర్సులపై విద్యార్థులు దృష్టి పెట్టాలన్నదే ఉద్దేశమైతే, అది నవంబరు 5న ఎందుకు గుర్తురాలేదు? మెయిన్‌ను వరుసగా మూడేళ్లు, ఏడాదికి రెండేసి సార్లు రాయనిస్తున్నప్పుడు, వైద్య విద్య ప్రవేశపరీక్ష నీట్‌కు అసలు పరిమితే లేనప్పుడు ఆ దృష్టి చెదరదా?

ఈ ధోరణి ఒకసారి చెల్లుబాటైతే ఇక్కడితో ఆగదు. రేపు మరో పరీక్షకు వయోపరిమితి మారుతుంది, ఎల్లుండి ఇంటర్ మార్కుల వెయిటేజీ మారుతుంది, ప్రతిసారీ విద్యార్థులు చందాలు వేసుకొని ఢిల్లీలో న్యాయవాదిని వెతుక్కోవాల్సి వస్తుంది. కోర్టు గడప తొక్కగలిగే స్థోమత అందరికీ ఉండదు. ఏ ప్రవేశపరీక్షను ఎన్నిసార్లు రాయవచ్చో పిల్లలు ఇంటర్ మొదటి సంవత్సరంలో చేరేనాటికే ప్రకటించాలి. ఆ బ్యాచ్ పరీక్షలు ముగిసేవరకు దాన్ని ముట్టుకోరాదు. మార్పు తప్పనిసరైతే తర్వాతి బ్యాచ్‌తో మొదలుపెట్టాలి, కారణాలను లిఖితపూర్వకంగా చెప్పాలి.

మరో సంగతి. నిబంధనను ఉపసంహరించాలని బోర్డు నిర్ణయించింది నవంబరు 15న, బయటపెట్టింది 18న. ఈలోగా కాలేజీలు వదిలినవారి గురించి ఒక్కరైనా ఆలోచించారా? నిమిషం ఆలస్యమైతే పరీక్షా కేంద్రం గేటు మూసేసి, ఏడుస్తున్న పిల్లలను వెనక్కి పంపే ఈ వ్యవస్థ, తన మూడు రోజుల జాప్యానికి ఒక్క అధికారినైనా సంజాయిషీ అడిగిందా?